వంశధార వెంట ఒక దినము

ఆదివారమునాడు తెల్లవారకమునుపే రాజధానీనగరపు విశాలవీథులలో బైసికిళ్ళెక్కి తిరుగు పెద్దమనుష్యుల సంఖ్య కొన్నియేండ్లుగా పెరుగుచున్నది. వీరిలో వకీళ్ళును, వైద్యులును, ఇంజనీర్లును, కార్యాలయోద్యోగులును గలరు. తలకు టోపీ, చేతికి గడియారము, ఆ గడియారములో గుండె కొట్టుకొనుటకు లెక్క. 40 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరినచోటికే వచ్చి, ఇడ్డెనులారగించి యిండ్లకు పోవుదురు. మేమును ఆ గుంపులోనివారమే యగుటచే వారిని పరిహసించుట మా యుద్దేశము గాదు. అయినను, ఒకయూర నెక్కి వేరొకయూర దిగిననే గాని బైసికిలు విలువ బోధపడదని మా యనుభవము.

గడచిన పుష్యమాసములో మేమును, మా బాల్యమిత్రులగు ఒక వైద్యులును వంశధారానదిని పట్టుకొని, ఒడిషాలోని గుణుపురము మొదలు శ్రీముఖలింగక్షేత్రమువరకు ఒక్కదినమున ప్రయాణము చేసితిమి. దూరము ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఇది యేమంత ఘనకార్యము గాదు. దినమునకు 200 కిలోమీటర్లు తొక్కు యువకులను మేమెరుగుదుము. మేము నలువదులలోనున్నవారము. వైద్యులవారు మాకంటె రెండేండ్లు పెద్ద. బరువున పది కిలోలు పెద్ద.

మన పాఠకులలో పెక్కురు వంశధారను చూచియేయుందురు. కాని యెట్లు? మడపామువద్ద రాజమార్గపు వంతెనమీద, కారు అద్దములోనుండి, అర్ధనిమిషముసేపు. వెడల్పైన యిసుక, నడుమ నొక నీటిపాయ, అంతే. ఈ నది కలహండిప్రాంతపు కొండలలో బుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్టణమువద్ద సముద్రమును చేరును. వేసవిలో పశువులు మోకాలిబంటి నీటిలో దీనిని దాటిపోవును. 1980 సెప్టెంబరులో ఈ నదియే గుణుపురమును ముంచివేసెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానునాడు మరల ఉగ్రరూపము దాల్చెను. ఇట్టి నది నడవడి తెలిసికొనవలెనన్న కారులో పోయినచో చాలదు. కాలినడకన పోవుటకు మాబోటి ఉద్యోగస్థులకు సెలవు చాలదు. అందుచేత బైసికిలు.

గుణుపురమునకు మేము విశాఖపట్టణమునుండి ప్యాసింజరు బండిలో రాత్రివేళ చేరితిమి. బైసికిళ్ళు బ్రేకు వ్యానులో వచ్చినవి. ఈ రైలుమార్గమునకు చరిత్ర కలదు. పర్లాకిమిడి రాజావారు నౌపడనుండి తమ పట్టణమునకు రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నబండిదారి వేయింపగా, 1900లో అది నడచుట కారంభించెను. క్రమముగా పొడిగింపబడి 1931లో గుణుపురము చేరెను. 2004లో ఆ చిన్నబండి నిలిచిపోయినది. పెద్దపట్టాలు పరచినపిమ్మట 2011లో గుణుపురమునకు మరల బండ్లు వచ్చినవి. చిన్నబండికాలపు ప్రయాణికులు, ఎగువకు పోవునప్పుడు దిగి ప్రక్కన నడచి, మరల నెక్కుచుండెడివారమని చెప్పుదురు. ఇట్టిమాట ప్రతి చిన్నబండినిగూర్చియు చెప్పుదురు గావున మేము పూర్తిగా నమ్మలేదు.

ఉదయము 6 గంటలకు బయలుదేరితిమి. పొగమంచు దట్టముగా నుండెను. ముందుపోవుచున్న వైద్యులవారి వెనుకదీపము ఎర్రని చుక్కవలె కనబడుచు మాయమగుచుండెను. చేతివ్రేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టుటకు లొంగకుండెను. నది కుడిప్రక్కన నున్నదని పటమువలన నెరుగుదుము గాని, కంటికి కానరాలేదు. ఆవైపునుండి తగులు చల్లదనముచేత దాని యునికి తెలియుచుండెను. ఏడున్నర ప్రాంతమున ఎడమవైపు కొండలమీదుగా సూర్యుడు పైకి రాగా మంచు ముక్కలుముక్కలుగా విడిపోయి, మొదట తాటిచెట్ల తలలును, పిమ్మట కళ్ళములలోని వరికుప్పలును, కట్టకడపట నదియు బయటపడినవి. వైద్యులవారు బైసికిలు ఆపి, మాటలాడక, కళ్ళద్దములు తుడుచుకొనిరి.

ఎడమవైపునున్న ఆ కొండలు సవరలవి. లోపలికి పోయినచో కొండచరియలలో రాళ్ళతో గట్లు కట్టి, మెట్లుమెట్లుగా వారు తీర్చిన వరిమళ్ళు కానవచ్చును. మేము రోడ్డు విడువలేదు గావున, నెత్తిపై గంపలతో సంతకు దిగివచ్చుచున్నవారిని మాత్రము చూచితిమి. ఈ సవరలలో మంగై గొమాంగో అను నాతడు 1936 జూనులో తన భాషకు 24 అక్షరములుగల ప్రత్యేకలిపిని నిర్మించెను. ఆ యక్షరములే దైవములుగా పూజలందుచున్న గుడియు ఈ ప్రాంతమునందు గలదు. 1936 అను సంవత్సరమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మా ప్రార్థన. ఆ యేటి ఏప్రిలు 1వ తేదీననే ఒడిషా ప్రత్యేకరాష్ట్రముగా నేర్పడెను. అంతవరకు చెన్నరాజధానిలోనున్న గుణుపురమును, పర్లాకిమిడి పట్టణమును అందు చేరినవి.

గుణుపురము దాటి కొంతదూరము పోయినపిమ్మట నదికి ఆవలిగట్టు ఆంధ్రప్రదేశము, భామినిమండలము. ఈవలిగట్టు ఒడిషా. నడుమ నీటిలో ఎక్కడనో సరిహద్దు. ఈవలి చాకలివారు బట్టలుతుకుచుండగా ఆవలివారు కేకవేసి పలుకరించుచుండిరి. రెండువైపుల మాటయు తెలుగే. ఈ నీటికై రెండు రాష్ట్రములకును జరిగిన వ్యాజ్యెము చిన్నది గాదు. చెరిసగము పంచుకొనవలెనని 1962లో ఒప్పందమైనది. వివాదము తెగకపోగా 2010లో ట్రిబ్యునలు ఏర్పడినది. 2017లో ఆ ట్రిబ్యునలు నేరడివద్ద బారేజి కట్టుకొనుటకు ఆంధ్రప్రదేశమునకు అనుమతినిచ్చుచు తీర్పు చెప్పినది. వకాల్తావృత్తిలోనుండి ఆ తీర్పును చదివినవారము గావున, ఆ కాగితములలోని నదిని ఇక్కడ ప్రత్యక్షముగా చూడవలెనను కోరిక మాకు మొదటినుండియు కలదు. కాశీనగరమునకు కొన్నిమైళ్ళ యివతల, రోడ్డునుండి నదివైపు దిగుచున్న మంచి బండిదారి కనబడినంతనే బైసికిళ్ళు అటు మరల్చితిమి.

రెండువందల గజములు పోవునప్పటికి దారికి అడ్డముగా తుమ్మకంప వేసియుండెను. కంపకు అవతల దారిమీదనే ప్రత్తిచెట్లు మొలచియుండెను. దారి మాత్రము వానినడుమ చారవలె తెలియుచునేయున్నది. నది ప్రత్తిచేనికావల మెరయుచుండెను. చేయునది లేక వెనుదిరిగితిమి. రోడ్డెక్కునంతలో మా బైసికిలు వెనుకచక్రము మెత్తబడెను. ముల్లు లోపలనే యున్నది.

వైద్యులవారు శస్త్రచికిత్సకు తామున్నారమని ముందుకు వచ్చిరి గాని, వారి పనిముట్లసంచి గుణుపురపు బసలోనే మిగిలిపోయినట్లు తేలినది. మా సంచిలో ట్యూబు కలదు. గాలిపంపు వారి సంచిలోనిది. కిలోమీటరుదూరము నడిపించుకొనిపోగా, రోడ్డుప్రక్క రేకులకప్పు క్రింద సైకిలుషాపు దొరకినది. షాపు బోర్డు ఒడియాలో నున్నది. లోపల రేడియోవలె మ్రోగుచున్న ఫోనులో తెలుగుసినిమాపాట.

"ఏటి బాబూ, గాలి పోనాదా? ఇలా తెండి," అని పాతికేండ్లవాడు బైసికిలు నందుకొనెను. మా బైసికిలు గేర్లును దానివెలయు చూచి కొంచెము నవ్వి, చక్రమూడదీసి, ట్యూబును నీళ్ళపళ్ళెములో త్రిప్పి, బుడగలు వచ్చినచోట వ్రేలుంచెను. ముల్లును పట్టకారుతో లాగి మాకు చూపించి, "మా కంపముల్లే," అనెను. ఆ ప్రత్తిచేను వారిదేనట.

ప్యాచి ఆరుచుండగా, షాపు వెనుక యింటినుండి ముసలమ్మ యొకతె మంచినీళ్ళు తెచ్చియిచ్చెను. ఎనుబదియేండ్లు దాటినది. మా మాటలు కొంతసేపు వినుచు నిలుచుండి, "బాబూ, మీకు తెలుగు సదవడం వొచ్చునా?" అని యడిగెను.

వచ్చునంటిమి. ఆమె లోపలికి పోయి, రేకుపెట్టెలోనుండి పసుపుగుడ్డలో చుట్టిన కాగితము తెచ్చెను. "మా మావగారు దాసిన కాయితం. నాను సదువుకోనేదు. మా కొడుకు పోనాడు. ఈ గుంటడికి ఒడియా తప్ప రాదు. ఏటున్నాదో ఒకపాలి సదివి సెప్పండి."

మేము న్యాయవాదులమని చెప్పలేదు. చెప్పినచో ఆనాటి ప్రయాణము అక్కడనే సమాప్తమగునని వృత్తిధర్మముచే నెరిగినవారము. కాగితము చూడగా అక్షయనామసంవత్సరపుది, అనగా 1926వ యేటిది. స్టాంపు కాగితముపై చక్కని గొలుసుకట్టు తెలుగులో వ్రాసిన క్రయదస్తావేజు. ఇట్టివ్రాతతో మాకు కోర్టులో పరిచయము కలదు గావున చదువుట కష్టము గాలేదు. కొన్నవాడు ఈమె మామగారి తండ్రి. భూమి ఆ ప్రత్తిచేనే. హద్దులు చదివితిమి: తూర్పున రోడ్డు, పడమట వంశధార. ముసలమ్మ ప్రతి హద్దుకును తల యూపుచుండెను. మనుమడు పంపు ఆపి వినుచుండెను.

ఆపిమ్మట ఒక వాక్యమున్నది. మేము దానిని ముందుగా కన్నులతో చదువుకొంటిమి. ఈ భూమి నడుమనుండి రేవునకు పోవు బండిదారి పూర్వమునుండి గ్రామస్థులందరిదియు ననియు, దానిని కొన్నవాడుగాని వాని వారసులుగాని దున్నుటయు మూయుటయు కూడదనియు అందలి భావము.

పాఠకులు మా స్థితి నూహింపగలరు. మేము కొంత నెమ్మదించుట చూచి మనుమడు తానే సంగతి చెప్పెను. రేవుకు వంతెన లేదు, పడవ మానినది, దారితో నెవరికేమి పని యని రెండేండ్లక్రిందట కంప వేసినాడు. ఊరివారు నలుగురు కలహించిరి. పశువులను నీటికి ఎటు తోలుకొనిపోవలెనని వారి ఫిర్యాదు. "మా తాత కాయితం ఉన్నాది, అందులో అంతా మాదేనని ఉన్నాది అని సెప్పేసినాను," అని వాడు మావైపు చూచెను. అట్లున్నదని వానికెవరు చెప్పిరో మేమడుగలేదు. ఎవరును చెప్పియుండరు.

వచ్చినదారిని పోవు మాకు ఆ వాక్యము నెగురగొట్టి మిగిలినది చదివి, కాగితము మడిచి యిచ్చుట సులభము. అది తప్పని చెప్పువా రచటలేరు. వైద్యులవారికి గొలుసుకట్టు రాదు. ఇరువదియేండ్లుగా కాగితములు చదివి బ్రదుకుచున్నవారము. అన్యుల కాగితములో నొకముక్క నెగురగొట్టుట కోర్టులో చేయని పని, సైకిలుషాపులో మాత్రమేల చేయవలెనని తోచి, ఉన్నదున్నట్లు చదివితిమి.

ముసలమ్మయే మొదట మాటలాడెను. "మా మావగారు పొయ్యేదాకా ఆ దారి మాట అంటానే ఉండేవోరు. ఎవులిన్నాం?"

మనుమడు చాలసేపు పలుకలేదు. చక్రము బిగించి, బ్రేకు సరిచూచి, చేతులు తుడుచుకొని, "ఆ ముక్క మళ్ళీ ఒకపాలి సదవండి బాబూ, మెల్లగా," అనెను. అప్పుల పద్దు వ్రాసికొను పుస్తకము తీసి, మేము చదువుచుండగా ఒక్కొక్కమాటయే వ్రాసికొనెను. చూచితిమి గదా, వ్రాసినది ఒడియాలిపి, మాటలు తెలుగు. 'వారసులు' అనుచోట ఆగి, మరల పలికించుకొనెను.

ఒక్క కాగితముతోనే హక్కు తేలదనియు, రిజిస్ట్రారు కచేరీలో నకలు చూచుకొని, ఊరి పెద్దలతో కూర్చుండి మాటలాడుట మంచిదనియు చెప్పి లేచితిమి. పంక్చరు కెంతయని యడుగగా 30 రూపాయలనెను. ఇచ్చితిమి, పుచ్చుకొనెను. నీళ్ళిచ్చిన ముసలమ్మకు నమస్కరింపగా, "ముందే ఎవులైనా సదివుంటే గొడవే నేదు గదా," అని గొణుగుకొనుచు పసుపుగుడ్డ చుట్టుచుండెను.

కాశీనగరము దాటి చాలదూరము వైద్యులవారును మేమును మాటలాడుకొనలేదు. అచ్చటినుండి మార్గము నదిని విడిచి తూర్పునకు తిరుగును. ఎగుడుదిగుడులు, ఎదురుగాలి. మిట్టలెక్కునప్పుడు చిన్నగేరు వేసికొని, కాళ్ళు తిరుగుచున్నను బైసికిలు కదలదేమో యను సందేహముతో పోవుట మావయస్సువారి కలవాటే. తుట్టతుదకు వైద్యులవారు ఆయాసపడుచునే, "కాగితము చదివి వారికి మేలు చేసితిమా, కీడు చేసితిమా?" అని యడిగిరి. చదువలేని కాగితమును పెట్టెలో దాచుకొనియుండుటకంటె మేలే యంటిమి. వారికి మా సమాధానము తృప్తి కలిగించినట్లు తోచలేదు.

పర్లాకిమిడిలో భోజనము. ఈ పట్టణమునకు వచ్చిన తెలుగువాడు గిడుగు రామమూర్తి పంతులుగారిని తలపక పోజాలడు. 1880లో ఇచ్చటి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై చేరి, సవరభాష నేర్చి, ఆ పిల్లలకై బడులు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. 1931లో వ్యాకరణము, 1938లో సవర-ఆంగ్లనిఘంటువు ప్రకటింపబడినవి. 1936లో పట్టణము ఒడిషాలో చేరినప్పుడు మనసొప్పక, జీవితమంతయు గడపిన యూరు విడిచి రాజమహేంద్రవరము పోయిరి. వాడుకభాషకై పోరాడిన యా మహనీయునిగూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు వారి యాత్మ మమ్ము క్షమించుగాక. ఈ దోసము మా చదువుది.

పంతులుగారు వెడలిపోయిరి గాని తెలుగువారందరు వెడలిపోలేదు. దుకాణములలో, హోటలులో, మేము విన్నమాటలలో సగము తెలుగే. బోర్డులమీద మాత్రము ఆ సగము లేదు. దీనికి ఒడిషాప్రభుత్వమును నిందించుట సులభము. కాని మహేంద్రతనయకు ఈవల మన శ్రీకాకుళపు సరిహద్దులలో ఒడియా మాటలాడు కుటుంబములు కలవు, వారికిని తమ పిల్లలు తమయక్షరములు మరచుచున్నారను దుఃఖము కలదు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నేర్పు సౌకర్యము కల్పింప ప్రయత్నింపవలెనని రాజ్యాంగములో 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో, సరిగా భాషారాష్ట్రములేర్పడిన యేటనే, అది చేర్చబడినది. గీత గీచినవారికి గీతకావల మిగిలినవారి సంగతి తెలియకపోలేదన్నమాట. కాని అధికరణము ఉపాధ్యాయుని తేలేదు, పుస్తకము తేలేదు. నదినీటిలో తమ వాటాకై ఇన్నియేండ్లు వ్యాజ్యెమాడిన రెండు ప్రభుత్వములును, సరిహద్దుబడులకు ఈవలినుండి ఒడియా ఉపాధ్యాయుని, ఆవలినుండి తెలుగు ఉపాధ్యాయుని పంచుకొను ఒప్పందము నొకటి చేసికొనిన ఖర్చెంతయగును? బారేజిలో ఒక తలుపు ఖరీదు గాదని మా యంచనా.

మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్టణము చేరుసరికి రెండున్నర. వంతెనమీద సరిహద్దుపలక తప్ప వేరేమియు మారలేదు. అదే యెండ, అవే మాటలు, అదే గతుకులరోడ్డు. హిరమండలమువైపు పోవు మార్గమున కొండలు మరల దగ్గరకు వచ్చినవి. మా మోకాళ్ళు అప్పటికే ప్రత్యేకరాష్ట్రము కోరుచుండెను. గొట్టాబారేజివద్ద వంశధార తిరిగి దర్శనమిచ్చినది. మహేంద్రతనయ యచ్చటికి కొంత యెగువనే దానిలో గలియును. ఉదయమున మంచులో పాకుచున్న నది యిక్కడ తలుపుల వెనుక నిండుగా, కదలక నిలిచి, కాలువలలోనికి లెక్కప్రకారము పోవుచుండెను. గట్టుమీద కూర్చుండి వేరుసెనగకాయలు తింటిమి. వైద్యులవారు బూట్లువిప్పి, ఇక వేసికొనజాలనని ప్రకటించి, కడపటి భాగము చెప్పులతోనే తొక్కిరి.

శ్రీముఖలింగము చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకుచుండెను. ఇది కళింగగాంగుల ప్రాచీనరాజధానియగు కళింగనగరమని పండితుల నిర్ణయము. గిడుగువారి జన్మస్థలమగు పర్వతాలపేట ఇచ్చటికి సమీపముననే కలదు. ఉపాధ్యాయుడుగా నుండగానే వారు ఈ దేవాలయపు శాసనములను, గురువు లేకయే, స్వయముగా చదువ నేర్చిరి.

మధుకేశ్వరాలయములో దర్శనమైనపిదప, వైద్యులవారు గోడప్రక్క నిలిచి రాతిమీది వరుసలపై వ్రేలుంచి, "ఇది తెలుగేనా?" అనిరి. కొన్ని సంస్కృతము, కొన్ని తెలుగని చెప్పితిమి. అఖండదీపములకు గొఱ్ఱెలను, ధనమును ఇచ్చినవారి పేర్లు ఇట్టివానిలో నుండునని పుస్తకములలో చదివినది చెప్పితిమి.

"అయితే చదువుడు," అనిరి.

ఫోనుదీపము వెలిగించి దగ్గరకు పోయితిమి. ఒక చోట 'న' వంటిది కలదు. దాని క్రిందివరుసలో 'ర' కావచ్చును, లేక సున్న కావచ్చును. మిగిలినది మాకు రాలేదు. ప్రక్కన నిలిచిన అర్చకులు, ఇవన్నియు పెద్దలు నకళ్ళు తీసి అచ్చువేసినారు, పుస్తకములో దొరకునని ఓదార్పుగా చెప్పిరి. వైద్యులవారు ఇంకొక వరుసను వ్రేలితో తడవి చూచుచుండిరి. గుడి తలుపులు వేయువేళ యగుచున్నదని బయటనుండి పిలుపు వచ్చెను.